చలికాలం సెలవులకి ఇంటికి వస్తే క్రిస్మస్ బ్రేక్‌లోనా, సంక్రాంతికా?

పటమట_టు_డాలస్

మాది విజయవాడ, పటమట. ఉండేది డాలస్ పక్కన. టికెట్లు బుక్ చేసే టైమ్ వచ్చిందంటే ఇంట్లో ఒకటే రగడ. పిల్లలకి డిసెంబరు 20 ప్రాంతంలో సెలవులిస్తారు, జనవరి మొదటి వారంలో మళ్లీ బడి. మా ఆఫీసు కూడా క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ మధ్య దాదాపు మూసేసినట్టే ఉంటుంది కాబట్టి తక్కువ లీవుతో ఎక్కువ రోజులు కలిసొస్తాయి. అమ్మ మాత్రం ఫోన్‌లో "పండగ వారం ఉందనగా వెళ్లిపోయే రాక ఏం రాకరా" అంటుంది.

నా లెక్క చెప్తాను. టెక్సాస్‌లో 90 శాతం హాజరు లేకపోతే పిల్లలకి ఆ క్లాసు క్రెడిట్ ఇవ్వరు. ఆరు నెలల్లో పది రోజులు అనుమతి లేకుండా మానేస్తే ట్రూయెన్సీ (బడి ఎగ్గొట్టడం) కింద చూస్తారు. సంక్రాంతికి రావాలంటే జనవరి రెండో వారంలో బయల్దేరాలి, అంటే కొత్త సెమిస్టర్ మొదట్లోనే బడి పోతుంది. ధనుర్మాసం డిసెంబరు 16కే పడుతుంది కాబట్టి ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసులు, గుళ్లో తిరుప్పావై అన్నీ పిల్లలు చూస్తారు. తప్పేది ఆ మూడు రోజులే. దానికోసం ఇంత హైరానా అవసరమా? మీరేం చేస్తున్నారో చెప్పండి. విజయవాడ, గుంటూరుల్లో ఉండే పెద్దవాళ్లు కూడా చెప్తే బాగుంటుంది.

బ్రాడీపేట_బాబాయి

ఆ మూడు రోజులే కదా బాబూ పండగంటే. పెళ్లికి వచ్చి ముహూర్తానికి ముందు లేచిపోయినట్టుంది నీ లెక్క.

డిసెంబరులో మీ పిల్లలు వస్తే ఇక్కడ ఎవరుంటారో చెప్పు. మన పిల్లలకి క్రిస్మస్‌కి ఒక్కరోజు సెలవు, మిషనరీ స్కూళ్లయితే ఇంకో నాలుగు రోజులు. ఇంటర్ చదివే పిల్లలు హాస్టళ్లలో ఉంటారు. మా అన్నయ్య మనవడు ఉండేది విజయవాడ హాస్టల్‌లో, ఇల్లు గుంటూరులో. మధ్య దూరం గంట కూడా లేదు, అయినా వాడు ఇంటి మొహం చూసేది దసరాకీ సంక్రాంతికీ. హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగాల వాళ్లూ అంతే, దాచుకున్న లీవులన్నీ సంక్రాంతికే పెడతారు. మీ పిల్లలు డిసెంబరులో వచ్చి తాతయ్య టీవీ చూస్తుంటే పక్కన కూర్చుని ఐప్యాడ్ చూస్తారు. వాళ్లకి బాబాయిలు, పెదనాన్నలు, వరసైన పిల్లలు అందరూ ఒకే కప్పు కింద కనిపించేది సంవత్సరం మొత్తంలో ఆ మూడు రోజులే.

ఇంకో మాట. మీ ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలు ఉంటే భోగిపళ్లు పొయ్యాలి. అది డిసెంబరులో పోస్తే కుదరదు, వాళ్లకి ఆరేళ్లు వచ్చాక పోసినా కుదరదు. తండ్రి పోయిన వాళ్లకి సంక్రాంతి రోజు పెద్దలకి బట్టలు పెట్టుకోవడం ఉంటుంది. అన్నిటికీ స్కూలు హాజరే కొలత అయితే ఎలా?

అత్తిల్లు_గుంటూరు

బాబాయి గారూ, ఒకే కప్పు కింద అన్నారు. ఎవరి కప్పు కింద అండీ?

నేను న్యూజెర్సీలో ఉంటాను. పుట్టిల్లు విజయవాడ సింగ్‌నగర్, అత్తిల్లు గుంటూరు అరండల్‌పేట. సంక్రాంతికి వెళ్తే భోగి, పండగ, కనుమ మూడూ అత్తారింట్లోనే అని చెప్పకుండానే తేలిపోతుంది. దిగిన మర్నాడు పొద్దున్నే అరిసెల పిండి కొట్టించడానికి లేస్తాం. ఇరవై మందికి గారెలు, పులిహోర, కనుమనాడు నాటుకోడి. అందరూ హాల్లో కబుర్లు చెప్పుకుంటుంటే మేము వంటింట్లో ఉంటాం. మా అమ్మని చూసేది తిరుగు ప్రయాణానికి ముందురోజు, సూట్‌కేసులు తూకం వేసుకుంటూ. పచ్చళ్ల ప్యాకింగ్ గురించి తప్ప వేరే మాటే ఉండదు ఆ రోజు.

డిసెంబరులో వెళ్తే పండగ లేదు కాబట్టి ఎవరింట్లో ఎన్ని రోజులు అని లెక్క వేసుకోవచ్చు, సగం సగం ఉండొచ్చు. మా అత్తగారు కూడా హాయిగా ఉంటారు, ఆవిడకీ పని తక్కువ. సంక్రాంతికి రండి అని పిలిచే మగవాళ్లు ఈ సంగతి ఒక్కసారి వాళ్లావిడని అడిగి, తర్వాత ఇక్కడ రాయండి.

లీడ్స్_నుంచి

ఇంగ్లండ్ పరిస్థితి చెప్తాను. టర్మ్ మధ్యలో పిల్లల్ని ఐదు రోజులు అనుమతి లేకుండా మాన్పిస్తే ఫైన్. 2024 ఆగస్టు నుంచి ఒక్కో పిల్లాడికి, తల్లికి వేరుగా తండ్రికి వేరుగా 80 పౌండ్లు. 21 రోజుల్లో కట్టకపోతే 160. ఇద్దరు పిల్లలు, ఇద్దరు తల్లిదండ్రులు, మీరే గుణించుకోండి. మూడేళ్లలో రెండోసారి అయితే నేరుగా 160, మూడోసారి కోర్టుకే పోవచ్చు. పండగ అని హెడ్‌టీచర్‌ని అడిగితే ఒక రోజు ఇస్తారేమో, ప్రయాణానికి ఇవ్వరు.

చాలామంది ఏం చేస్తారంటే, ఆ ఫైన్‌ని టికెట్ ఖర్చులో కలిపేసుకుంటారు. క్రిస్మస్ ముందు వారంలో టికెట్లు మండిపోతుంటాయి, జనవరి మొదటి వారం దాటాక బయల్దేరే వాళ్లకి బాగా దిగుతాయి. ఫైన్ కట్టినా ఇంకా మిగులుతుంది అంటారు. నాకు ఆ లెక్క నచ్చదు. పిల్లలకి మనం నేర్పేది ఏంటి, డబ్బు కడితే రూలు లేదనా?

మెల్‌బోర్న్_మంగళగిరి

మీ అందరి బాధలు చదువుతుంటే జాలేస్తోంది. మాకు ఇది ఎండాకాలం సెలవులు కదండీ, డిసెంబరు మూడో వారం నుంచి జనవరి ఆఖరు దాకా బడే లేదు. క్రిస్మస్ కేకూ, భోగిమంటా రెండూ అవుతాయి. 2025 నవంబరులో సింగపూర్ నుంచి గన్నవరానికి డైరెక్ట్ ఫ్లైట్ మొదలైంది కాబట్టి హైదరాబాదు కూడా దిగక్కర్లేదు. అమెరికా వెళ్లి తప్పు చేశారేమో ఆలోచించుకోండి 😀

(లీవు మాత్రం నాకూ అన్ని రోజులు లేదు. వాళ్లు ఉంటారు, నేను ముందు వచ్చేస్తా.)

బ్రాడీపేట_బాబాయి

అరండల్‌పేట అమ్మాయీ, నువ్వు చెప్పింది ఇంటి పెద్దలు సర్దుకోవాల్సిన విషయం, పండగ మానెయ్యాల్సిన విషయం కాదమ్మా. భోగి అత్తారింట్లో చేసి, పండగ మధ్యాహ్నానికి విజయవాడ వెళ్లినా ఎవరూ కాదనరు. వారధి దాటితే విజయవాడ.

లీడ్స్ బాబూ, ఫైన్ కట్టమని నేను అనను. అయినా క్రిస్మస్ మన పండగ కాదుగా, ఆ సెలవుల చుట్టూ మన రాకపోకలు కట్టుకోవడం ఏంటని నా బాధ.

కొత్తపేట_గుంటూరు

"క్రిస్మస్ మన పండగ కాదుగా" అన్నారు. ఎవరు ఆ "మన"? గుంటూరులోనే ఉండి ఈ మాట అంటే ఆశ్చర్యంగా ఉంది.

లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. మీరు రోజూ దాటి వెళ్లే ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ 1885 నాటిది. మా ముత్తాతల కాలం నుంచి మాకు ఇదే ఇంటి పండగ. డిసెంబరు పడిందంటే డాబా మీద స్టార్ కడతాం, రాత్రిళ్లు క్యారల్స్ వాళ్లు ఇంటింటికీ వస్తారు, గులాబీ పువ్వులు, గవ్వలు డబ్బాలకి డబ్బాలు చేసి పక్కింటివాళ్లకి పంచుతాం. మా తమ్ముడు టొరంటో నుంచి 24 రాత్రి ఆరాధనకి అందుకోవాలని వస్తాడు. వాడికి ఈ చర్చే లేదు. సెలవులూ పండగా ఒకటే రోజు.

వాడి కష్టం వేరే. వాడు వచ్చినప్పుడు వాడి స్కూలు ఫ్రెండ్స్ ఒక్కరూ ఊళ్లో ఉండరు. వాళ్లంతా సంక్రాంతికి వస్తారు. వాడు వెళ్లిపోయాక వాళ్లు దిగుతారు. వాట్సాప్ గ్రూపులో "నువ్వు ఎప్పుడూ దొరకవేంట్రా" అంటారు. మీరు డిసెంబరులో వస్తే మాకు సంతోషమే.

బ్రాడీపేట_బాబాయి

అమ్మా, నేనన్నది మా ఇళ్ల సంగతి. మీ పండగని తక్కువ చేసి అనలేదు. మా వీధిలో మూడిళ్ల నుంచి గులాబీ పువ్వులు నాకూ వస్తాయి, తింటాను కూడా. డాక్టరు వద్దన్నా.

చిల్లకల్లు_టోల్

పండగ సంగతి పక్కన పెట్టండి, రోడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను హైదరాబాదు ఎయిర్‌పోర్టు ట్రిప్పులు వేస్తాను. మామూలు రోజుల్లో శంషాబాద్ నుంచి అవుటర్ ఎక్కి పెద్దఅంబర్‌పేట దగ్గర దిగితే విజయవాడ నాలుగున్నర, ఐదు గంటలు. భోగి ముందు రెండు రోజులు పంతంగి టోల్ దగ్గరే గంటలు పోతాయి. తర్వాత కొర్లపహాడ్, చిల్లకల్లు. ఇరవై గంటలు విమానంలో కూర్చుని వచ్చిన పిల్లలు కారులో ఏడుస్తుంటే తల్లిదండ్రులు నా మీద విసుక్కుంటారు. నేనేం చెయ్యను?

గుంటూరు వాళ్లయితే నాకు చెప్పండి, బొంగులూరు దగ్గర దిగి నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా తీసుకెళ్తా. దూరం కాస్త పెరిగినా కారు ఆగదు. విజయవాడ వాళ్లకి అంత సుఖం లేదు.

అసలు టెన్షన్ తిరుగు ప్రయాణం. కనుమ వెళ్లిన మర్నాటి నుంచి ఆదివారం దాకా హైదరాబాదు వైపు ఒకటే వరస. ఆ రోజుల్లో రాత్రి ఫ్లైట్ ఉంటే నేను పొద్దున్నే బయల్దేరమంటాను. "టిఫిన్ చేసి వస్తాం, భోజనం చేసి వస్తాం" అని లేట్ చేస్తారు.

అత్తిల్లు_గుంటూరు

రైలు ఎక్కొచ్చు కదా అంటారు. సికింద్రాబాద్ - తిరుపతి వందేభారత్ నల్గొండ, గుంటూరు మీదుగానే వెళ్తుంది, మాకు బాగా పనికొస్తుంది. కానీ రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, సంక్రాంతి తేదీలు నిమిషాల్లో అయిపోతాయి. మనకి అప్పుడు రాత్రి. తత్కాల్‌కి 2025 జులై నుంచి ఆధార్ అథెంటికేషన్ ఉండాలి. ఆధార్ లేని ఎన్నారైలు ఇండియాలో ఉన్న తమ్ముడి అకౌంట్ మీద పడాల్సిందే.

సియాటిల్_చుట్టుగుంట

వీసా స్టాంపింగ్ (ఇండియాలోని అమెరికా కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద కొత్త వీసా వేయించుకోవడం) ఉన్నవాళ్లకి ఈ చర్చ మొత్తం వేరు. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ (ఉద్యోగ వీసా), హెచ్-4 (వాళ్ల కుటుంబ వీసా) వాళ్లకి సోషల్ మీడియా పరిశీలన పెట్టారు. డిసెంబరు రెండో సగంలో అపాయింట్‌మెంట్ ఉందని టికెట్లు కొనుక్కుని వచ్చిన చాలామందికి తేదీలు మార్చికీ, ఆ తర్వాతకీ జరిపేశారు. పిల్లల బడి అమెరికాలో, తల్లిదండ్రులు ఇండియాలో ఇరుక్కుపోయారు. పాస్‌పోర్టులో స్టాంప్ చెల్లుబాటులో ఉన్నవాళ్లే పండగలూ సెలవులూ మాట్లాడుకోవాలి. మిగతావాళ్లు రాకపోవడమే క్షేమం, లేదా అమ్మానాన్నల్నే అటు రమ్మనండి.

సత్యనారాయణపురం_పెద్దాయన

డెబ్బై దాటినవాణ్ణి. అటు రమ్మనండి అని రాసిన అబ్బాయికి ఒక్క మాట. జనవరిలో మమ్మల్ని సియాటిల్ రమ్మంటే అక్కడ ఐదింటికే చీకటి పడుతుంది, నడవడానికి వీల్లేదు, మాట్లాడే మనిషి లేడు. మా ఆవిడ ఒకసారి వెళ్లి చాలనుకుంది.

ఇక అసలు విషయం. పైన అందరూ పిల్లల బడి, కోడళ్ల వంట, రోడ్డు, టికెట్లు అన్నారు. మాకు ఎప్పుడు కావాలో ఎవరూ అడగలేదు, పటమట అబ్బాయి ఒక్కడు తప్ప. అందుకే రాస్తున్నాను.

మాకు ఒక కొడుకు, ఒక కూతురు. అబ్బాయి అమెరికా, అమ్మాయి బెంగళూరు. ఇద్దరూ సంక్రాంతికే వస్తారు. ఆ వారం రోజులూ ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండదు. ఎవరితోనూ ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడింది ఉండదు. మనవడు వచ్చి "తాతయ్యా వైఫై పాస్‌వర్డ్" అంటాడు, చెప్తాను, అంతే. తర్వాత ఇద్దరూ ఒక్కసారే వెళ్లిపోతారు. ఆ మర్నాడు ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలియదు, ఎందుకంటే మీరు ఎప్పుడూ ఉండరు.

కంటి ఆపరేషన్ చేయించుకోవాలి అనుకోండి. సంక్రాంతి వారంలో పెద్ద డాక్టర్లూ ఊళ్లకి వెళ్లిపోతారు. బ్యాంకులో కేవైసీ, పొలం పాస్‌బుక్, ఇంటి కాగితాల్లో సంతకాలు, మా అబ్బాయి ఉండి చెయ్యాల్సిన పనులు ఎన్నో ఉంటాయి. 2026లో భోగి, సంక్రాంతి, కనుమ బుధ, గురు, శుక్రవారాలు వచ్చాయి. మూడు రోజులూ ఆఫీసులు లేవు. వాడు ఆ పనులకి తిరగాల్సిన రోజుల్లో తిరుగు ప్రయాణంలో ఉన్నాడు. డిసెంబరులో వచ్చి ఉంటే క్రిస్మస్ ఒక్కరోజు పోయినా మిగతా రోజులు పనులు అయ్యేవి.

నన్నడిగితే, అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఒకే వారంలో రావద్దు. ఒకరు డిసెంబరు, ఒకరు సంక్రాంతి. కుదిరితే ఒకరు ఆగస్టులోనో ఫిబ్రవరిలోనో, పిల్లలు లేకుండా, ఒంటరిగా వారం రండి. ఫిబ్రవరిలో టికెట్ తక్కువ, ఊళ్లో చలీ ఎండా లేవు. మా అబ్బాయికి ఈ మాట చెప్పాను. "పిల్లల్ని తీసుకురాకుండా వస్తే ఏం బాగుంటుంది నాన్నా" అన్నాడు. వాడొస్తే మాకు చాలదా?

పటమట_టు_డాలస్

పెద్దాయన గారూ, ఒంటరిగా రావడం నా తలలోకే రాలేదు. పనుల సంగతి నిజం. మా నాన్న కూడా ప్రతిసారీ ఫైలు పట్టుకుని కూర్చుంటారు.

కానీ చుట్టాలు అందరూ కలిసే వారం పిల్లలకి ఒక్కసారైనా తెలియాలి అన్న బాబాయి గారి మాట కూడా కొట్టిపారేయలేకపోతున్నాను.

షార్జా_సత్తెనపల్లి

అన్నలూ, మీకు ఏ పండక్కి రావాలా అని కష్టం. మాకు కంపెనీ లీవు ఇచ్చిన నెలే పండగ. టికెట్ రెండేళ్లకోసారి వాళ్లే ఇస్తారు, తేదీ కూడా వాళ్లదే. 2022 అక్టోబరు నుంచి గన్నవరానికి షార్జా ఫ్లైట్ నేరుగా ఉంది, నాలుగు గంటల్లో దిగుతా, అది ఒక్కటే మాకు మేలు. మా అబ్బాయి భోగిపళ్లు వీడియో కాల్‌లో చూశా. సంక్రాంతికి లీవు అడిగితే ఫోర్‌మన్ నవ్వాడు, క్యాంపులో తెలుగోళ్లు ముప్పై మంది అందరూ అదే వారం అడిగారంట.

మోడరేటర్

కోడిపందేల "ఏర్పాట్లు", బరుల చిరునామాలు అడుగుతూ వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. 1974 ఏపీ గేమింగ్ చట్టం ప్రకారం అది నేరం, ఈ చర్చకి సంబంధం కూడా లేదు.

లీడ్స్_నుంచి

సత్తెనపల్లి అన్నా, మీ పోస్టు చదివాక మా గొడవ చిన్నదైపోయింది. అయినా అడుగుతున్నా బాబాయి గారిని: పిల్లలు పెద్ద క్లాసుకి వచ్చాక ఏం చేస్తారు? పదకొండు, పన్నెండేళ్లు దాటాక టర్మ్ మధ్యలో వారం పోతే వాళ్లే ఒప్పుకోరు. అప్పుడు సంక్రాంతి ఎలాగూ పోతుంది.

బ్రాడీపేట_బాబాయి

అందుకే చిన్నప్పుడే తీసుకురమ్మంటున్నా. ఐదో క్లాసు లోపు వారం రోజుల బడి పోతే ఏం మునగదు. వాళ్లు పెద్దయ్యాక మీ ఇష్టం, డిసెంబరులోనే రండి, నేనేమీ అనను. పటమట అబ్బాయి పిల్లల్లో చిన్నవాడు ఎలిమెంటరీయే కదా. ఇంకా టైముంది.

ఇంకో సంగతి. ఎప్పుడొచ్చినా కనుమనాడు మాత్రం తిరుగు టికెట్ కొనొద్దు. "కనుమనాడు కాకైనా కదలదు" అంటారు, మీరు కదులుతారా? పైగా ఆ డ్రైవరబ్బాయి చెప్పిన వరస.

పటమట_టు_డాలస్

ఒక ఉపాయం తట్టింది. డిసెంబరు 19న అందరం వస్తాం. జనవరి 3న మా ఆవిడా పిల్లలూ తిరిగి వెళ్తారు, బడి పోదు. నేను కనుమ అయ్యేదాకా ఉండి, పగలు నాన్న పనులన్నీ చేసి, రాత్రి ఎనిమిదిన్నర నుంచి డాలస్ టైముకి లాగిన్ అవుతా. పొద్దున నాలుగున్నరకి ముగుస్తుంది. మేనేజర్‌ని అడగాలి. పెద్దాయన గారు చెప్పిన ఒంటరి వారమూ కలిసొస్తుంది, పండగా అందుతుంది.

సత్యనారాయణపురం_పెద్దాయన

నాలుగున్నరకి పడుకుని, పదింటికి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వస్తావా నాయనా? మీ నాన్నగారు అడగరు గానీ నేను అడుగుతున్నా. లీవు తీసుకుని రా.

అత్తిల్లు_గుంటూరు

దానికంటే ముందు ఇంకోటి. ఇద్దరు పిల్లలు, ఆరు సూట్‌కేసులు, మధ్యలో దోహాలోనో అబుదాబిలోనో ఎయిర్‌పోర్టులో ఐదు గంటలు. జనవరి 3న ఆ రద్దీలో తిరుగు ప్రయాణం ఆవిడ ఒక్కతే చెయ్యాలి. వెళ్లాక జెట్‌లాగ్‌లో ఉన్న పిల్లల్ని సోమవారం బడికి పంపాలి. ఈ ఉపాయం ఆవిడకి చెప్పారా, లేక ముందు మాకే చెప్తున్నారా?

పటమట_టు_డాలస్

చెప్పాలి. సాయంత్రం అడిగి రాస్తా.

చిల్లకల్లు_టోల్

జనవరి 3 అయితే రోడ్డు ఖాళీనే సార్. పొగమంచు ఉంటుంది, తెల్లవారుజాము ప్రయాణం పెట్టుకోకండి. ఆరు సూట్‌కేసులంటే ఇన్నోవా మీద క్యారియర్ కావాలి, ముందే చెప్పండి.